రోజీ తప్పిపోయిందా, తప్పించారా?
(చెరిపేసిన పేర్లు – 7వ భాగం)



పోయిన భాగం చదివి పీజీ చదువుతున్న ఒక చెల్లెలు మెసేజ్ పెట్టింది. సినిమా చరిత్ర మీద సెమినార్ పేపర్ రాస్తోందట. "అక్కా, ఇన్ని పుస్తకాలు తిరగేశాను. మనవాళ్ల పేరు ఎక్కడా తగల్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?" అని అడిగింది.

నేను ఒక పేరు చెప్పాను. పి.కె. రోజీ. మలయాళ సినిమాకు మొట్టమొదటి హీరోయిన్. పులయ కులంలో పుట్టి, గడ్డి కోసుకుని బతికిన మనిషి. ఒకే ఒక్క సినిమా చేసింది. అది మూకీ. ఆ సినిమా ప్రింటు ఇప్పుడు లేదు. తెర మీద ఆమె కదిలిన ఒక్క ఫ్రేము కూడా మనకు మిగల్లేదు.

"సినిమా లేదు, బొమ్మ లేదు. మరి ఏం రాయాలక్కా?" అంది.

మంచి ప్రశ్న. మనవాళ్ల చరిత్ర రాయాలని కూర్చున్న ప్రతివాళ్లకూ ఎదురయ్యే ప్రశ్న. ఈ భాగమంతా దానికి జవాబు. కొంచెం పొడుగు. ఓపిగ్గా చదవండి.

ముందు రోజీ పుట్టిన నేల గురించి చెప్పాలి. అది తెలియకపోతే సినిమా హాల్లో పడిన రాళ్లు అర్థం కావు.

రోజీ అసలు పేరు రాజమ్మ. 1903లో తిరువనంతపురంలోని నందన్‌కోడ్‌లో పుట్టింది. అప్పుడది తిరువాన్కూరు సంస్థానానికి రాజధాని. ఆ సంస్థానంలో బానిసత్వాన్ని చట్టం ప్రకారం రద్దు చేసింది 1855లో. అంటే రోజీ పుట్టడానికి 48 ఏళ్ల ముందు. భూమితో పాటు అమ్ముడుపోయిన ఆ బానిసల్లో పులయలు ముఖ్యులు. రోజీ తాతల తరం అది.

మనకు అంటరానితనం తెలుసు. అక్కడ అది ఇంకో మెట్టు పైకెక్కింది. ముట్టుకోవడమే కాదు, ఫలానా దూరం దాటి దగ్గరికి రావడం కూడా మైలే. నాయాడిలాంటి కులాలవాళ్లయితే కంటపడితేనే మైల. ఊళ్లోకి నడిచే బాట మీద కాలు పెట్టడానికే పులయలు పోరాడాల్సి వచ్చింది. 1893లో అయ్యంకాళి రెండెడ్ల బండి కొనుక్కుని, తలపాగా చుట్టుకుని, నిషేధించిన రోడ్డు మీద తోలుకుంటూ పోయాడు. 1907లో సాధుజన పరిపాలన సంఘం పెట్టాడు. పంచమి అనే పాపను చెయ్యి పట్టుకుని ఊరూట్టంబలం బడికి తీసుకెళితే, ఆధిపత్య కులాలవాళ్లు బడికే నిప్పు పెట్టారు. తమ పిల్లల పక్కన పులయ పిల్ల కూర్చోవడం కంటే బడి కాలిపోవడమే మేలనుకున్నారు. ఈ నిప్పును గుర్తుపెట్టుకోండి. మళ్లీ వస్తుంది.

ఇక బట్ట సంగతి. దక్షిణ తిరువాన్కూరులో నాడార్ ఆడవాళ్లు రొమ్ము మీద గుడ్డ కప్పుకునే హక్కు కోసం దశాబ్దాల పాటు కొట్లాడారు. 1859లో రాజు దిగొచ్చి ఉత్తర్వు ఇచ్చాడు. కానీ అందులో ఒక షరతు పెట్టాడు. కప్పుకోండి, అయితే పై కులాల ఆడవాళ్లు కప్పుకునే తీరులో మాత్రం కాదు! గుడ్డ కంటే, ఆ గుడ్డ కట్టే తీరే వాళ్లకు ముఖ్యం. తీరు చూసి కులం పోల్చుకోగలగాలి. పులయ ఆడవాళ్లకైతే మెడలో రాళ్ల దండలే గతి. 1915లో పెరినాడ్‌లో అయ్యంకాళి పిలుపు విని వాళ్లు ఆ దండలు తెంపి కుప్ప పోశారు. దాన్నే కల్లుమాల సమరం అంటారు. అక్కడ కల్లు అంటే రాయి.

1915 నాటికి మన రాజమ్మకు పన్నెండేళ్లు.

ఇప్పుడు చెప్పండి. ఈ నేల మీద ఒక పులయ అమ్మాయి నాయర్ ఇంటి ఆడపిల్లలా చీర కట్టుకుని, తల్లో పువ్వు పెట్టుకుని, నలుగురి ముందు తెర మీద కనిపించడం అంటే ఏమిటి? ఎవరికీ కనపడకూడని మనిషి పెద్ద తెర మీద కనపడటం. కట్టకూడని తీరులో కట్టడం. సంస్థానంలో పాతుకుపోయిన రెండు కట్టుబాట్లను ఒకే దెబ్బకు దాటడం.

రాజమ్మ కూలికి వెళ్లేది, గడ్డి కోసేది. దాంతో పాటు కక్కారిశ్శి నాటకాలు ఆడేది. అది దక్షిణ తిరువాన్కూరు జానపద నాటకం. శివుడూ పార్వతీ సంచారజాతి ఆలుమగలుగా భూమి మీదికి వస్తారు. పాట, ఆట, వెక్కిరింత అన్నీ కలిసి ఉంటాయి. మన చిందు భాగోతం చూసినవాళ్లకు ఆ వాతావరణం ఇట్టే అర్థమవుతుంది. ఆడవేషాలు కూడా మగవాళ్లే కట్టే ఆ ఆటలోకి ఆమె ఆడమనిషిగా అడుగుపెట్టింది. దీన్ని నొక్కి చెప్పడానికి కారణముంది. కెమెరా ముందుకు వచ్చేనాటికి రోజీ ఏమీ తెలియని అమ్మాయి కాదు. జనం ముందు ఆడి, పాడి, నిలబడ్డ కళాకారిణి. ఈ ముక్క చాలామంది ఎగరగొట్టేస్తారు. ఎందుకో తర్వాత చెప్తాను.

జె.సి. డేనియల్ అని ఒకాయన. అగస్తీశ్వరం ఊరు. ఇప్పుడది తమిళనాడులోని కన్యాకుమారి జిల్లాలో ఉంది. క్రైస్తవ నాడార్ కుటుంబం. వృత్తి పళ్ల వైద్యం, పిచ్చి సినిమా. తన భూములమ్మి తిరువనంతపురం పట్టంలో ట్రావెన్‌కోర్ నేషనల్ పిక్చర్స్ పేరుతో స్టూడియో పెట్టాడు. కథ, దర్శకత్వం, కెమెరా, కథానాయకుడి వేషం అన్నీ తనే. సినిమా పేరు విగతకుమారన్. అంటే తప్పిపోయిన కొడుకు.

కథ సాదాసీదాగానే ఉంటుంది. తిరువాన్కూరులో ఒక కలవారి ఇంటి పిల్లవాణ్ని విలన్ ఎత్తుకుపోయి సింహళానికి చేరుస్తాడు. వాడు అక్కడ తోటల్లో పెరిగి పెద్దవాడవుతాడు. చుట్టరికం ఉన్న జయచంద్రన్ అనే యువకుడు సింహళం వెళ్లి, అనుకోకుండా వాణ్ని కలుసుకుంటాడు. ఇద్దరూ తిరిగొస్తారు. ఇక్కడ ఆ తప్పిపోయినవాడి చెల్లెలు సరోజినితో జయచంద్రన్ ప్రేమలో పడతాడు. చివరికి ఒంటి మీది మచ్చతో పిల్లవాడెవరో తేలిపోతుంది. సరోజిని నాయర్ అమ్మాయి. ఆ సరోజినే మన రోజీ.

ముందు బొంబాయి నుంచి లానా అనే నటిని పిలిపించారు. అది కుదరలేదు. ఆ తర్వాతే రోజీ వచ్చింది.

అప్పటి మూకీల పరిస్థితి కూడా చూద్దాం. 1913లో ఫాల్కే తీసిన రాజా హరిశ్చంద్రలో తారామతి వేషం కట్టింది సాలుంకే అనే మగమనిషి. అదే ఏడాది మోహినీ భస్మాసురలో దుర్గాబాయి కామత్, ఆమె కూతురు కమలాబాయి నటించారు. తర్వాత పదేళ్లలో తెర మీదికి వచ్చిన ఆడవాళ్లలో ఆంగ్లో-ఇండియన్లు, యూదులు ఎక్కువ. పేషెన్స్ కూపర్ దమయంతి వేషం వేసింది. రూబీ మయర్స్ సులోచన అయ్యి దేశాన్ని ఊపేసింది. మన రఘుపతి ప్రకాశ్ తీసిన భీష్మ ప్రతిజ్ఞలోనూ పెగ్గీ కాస్టెల్లో నటించింది.

వీళ్లలో ఎవరి గుడిసెకూ నిప్పు పెట్టలేదు. సినిమావాళ్లని చిన్నచూపు చూశారు, నిజమే. కానీ ఒక ఆంగ్లో-ఇండియన్ అమ్మాయి దమయంతి అయితే సవర్ణులకు పరువు పోలేదు. దమయంతి పురాణంలో ఉంది, వీధి చివర ఇంట్లో లేదు. వేషం కట్టినామె కూడా వాళ్ల కుల మెట్లకు బయటి మనిషి. డేనియల్ తీసింది పురాణం కాదు, సాంఘికం. సరోజిని ఇల్లు తిరువాన్కూరులోని నాయర్ ఇల్లు. హాల్లో కూర్చున్నవాళ్ల ఇల్లు. ఆ ఇంట్లోకి వచ్చినామె వాళ్ల పొలాల గట్ల మీద గడ్డి కోసే పులయ. దేవతగా ఎవరొచ్చినా సర్దుకుపోయారు. తమ ఇంటి పిల్లగా పులయ రావడాన్ని మాత్రం ఓర్చుకోలేకపోయారు.

సినిమా తిరువనంతపురంలోని కాపిటల్ హాల్లో పడింది. ఏడాది 1928 అని చాలాకాలం రాశారు. అది 1930 అక్టోబర్ 23 అని తర్వాతి పరిశోధకులు చెబుతున్నారు. ప్రారంభించడానికి పేరుమోసిన వకీలు మళ్లూర్ గోవింద పిళ్లను పిలిచారు. ఆమె హాల్లో ఉంటే తాను రానన్నాడని చెబుతారు. గొడవకు భయపడి డేనియలే రోజీని పిలవలేదని కూడా రాశారు. అయినా ఆమె వచ్చిందట. మొదటి ఆటకు రానివ్వలేదట.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. తెర మీది సరోజినిని చూడటానికి అందరూ టికెట్ కొన్నారు. ఆ సరోజినికి తనను తాను చూసుకోవడానికి కుర్చీ లేదు.

ఆట మొదలైంది. ఒక సీనులో నాయకుడు సరోజిని తల్లోంచి పువ్వు తీసి ముద్దు పెట్టుకుంటాడు. అంతే. హాల్లో అరుపులు, తిట్లు. తెర మీదికి రాళ్లు. తెర చిరిగింది. అక్కడితో ఆగలేదు. రోజీ వెంట పడ్డారు. ఆమె గుడిసెకు నిప్పు పెట్టారు.

పంచమి కోసం బడిని కాల్చారు. రోజీ కోసం గుడిసెను కాల్చారు. ఒకే నిప్పు.

మలయాళ మొదటి హీరోయిన్ ఆ రాత్రి ప్రాణం చేత్తో పట్టుకుని పారిపోయి, దారిన పోయే లారీ ఎక్కింది. లారీ నాగర్‌కోయిల్ వైపు వెళ్లింది. దాన్ని తోలిన కేశవ పిళ్ల ఆమెను పెళ్లి చేసుకున్నాడు. ఆయన నాయర్. నాగర్‌కోయిల్‌లో ఆమె రాజమ్మాళ్‌గా బతికింది. పిల్లలు తండ్రి కులంలోనే పెరిగారు. ఆమె మళ్లీ తెర ఎక్కలేదు.

ఈ భాగం రాయడానికి కూర్చున్నప్పటి నుంచి నన్ను వదలనిది ఈ సంగతే. తెర మీద కాసేపు నాయర్ ఆడదానిగా కనపడినందుకు ఆమె మీద రాళ్లు వేశారు. తెర బయట బతికి బట్టకట్టాలంటే, మిగిలిన బతుకంతా నాయర్ ఇంటి ఆడదానిగా నెట్టుకురావాల్సి వచ్చింది. ఏ వేషానికి శిక్ష పడిందో అదే వేషం బతుకుతెరువు అయింది. తేడా ఒక్కటే. తెర మీద వేషం కట్టినామె ఎవరో అందరికీ తెలుసు. నాగర్‌కోయిల్‌లో తెలియకపోతేనే క్షేమం.

కొందరు మిత్రులు దీన్ని "కులాంతర వివాహం, సుఖాంతం" అంటారు. కేశవ పిళ్లను నేను తప్పు పట్టను. ఆ రాత్రి లారీ ఆపినవాడు ఆయనొక్కడే. కానీ తన పేరు, తన కళ, తన పుట్టింటివాళ్లు, ముగ్గురినీ వదులుకుంటేనే దొరికిన బతుకును సుఖాంతం అని ఎలా అంటాం? కులం దాచుకుని అద్దె ఇళ్లలో ఉండే మన పిల్లల్ని అడగండి. ఇంటిపేరు అడగ్గానే గొంతులో ఏదో అడ్డుపడే మన ఉద్యోగుల్ని అడగండి. రోజీ యాభై ఏళ్లు ఎలా బతికిందో వాళ్లు చెబుతారు.

ఇక మరపు సంగతి. దానికీ ఒక పద్ధతి ఉంది.

సినిమా దెబ్బతింది. డేనియల్ అప్పులపాలై స్టూడియో మూసేశాడు. మళ్లీ పళ్లు పీక్కుంటూ బతికాడు. మిగిలిన ఫిలిం రీలును చిన్నతనంలో తానే కాల్చి ఆడుకున్నానని ఆయన కొడుకు తర్వాత చెప్పుకున్నాడు. డేనియల్ 1975లో ఏ గుర్తింపూ లేకుండా అగస్తీశ్వరంలో చనిపోయాడు. చేలంగాట్ గోపాలకృష్ణన్ అనే పాత్రికేయుడు పట్టుబట్టి రాయగా రాయగా ఆయన చరిత్రలోకి వచ్చాడు. 1992లో కేరళ ప్రభుత్వం ఆయన పేరున అవార్డు పెట్టింది. ఇవాళ అది మలయాళ సినిమాలో అతి పెద్ద గౌరవం. ఆయన "మలయాళ సినిమా పితామహుడు" అయ్యాడు. మంచిదే. నాడార్ మనిషి ఆస్తులు పోగొట్టుకుని చేసిన పని అది. ఆయనకు ఆ గౌరవం దక్కాలి.

మరి రోజీ? ఆమె 1988 దాకా బతికే ఉంది. లెక్క వేసుకోండి. 1938లో బాలన్‌తో మలయాళ సినిమాకు మాట వచ్చినప్పుడు ఆమె ఉంది. చెమ్మీన్‌కు రాష్ట్రపతి బంగారు పతకం వచ్చినప్పుడు ఉంది. డేనియల్ పోయినప్పుడూ ఉంది, అదే జిల్లాలో. తిరువనంతపురం నుంచి నాగర్‌కోయిల్ 70 కిలోమీటర్లు. యాభై ఏళ్లకు పైగా ఆ పరిశ్రమ ఆ 70 కిలోమీటర్లు పోలేదు. "మా మొదటి హీరోయిన్ ఎక్కడుంది?" అని ఒక్క బస్సు ఎక్కి ఉంటే చాలు. అందుకే తప్పిపోయిందనే మాట నాకు నచ్చదు. తప్పిపోయినవాళ్లను వెతుకుతారు.

వెతికింది మనవాళ్లే. అయ్యంకాళి జీవితచరిత్ర రాసినవాళ్లలో ఒకరైన కున్నుకుళి ఎస్. మణి 1970ల మొదట్లోనే రోజీ గురించి రాయడం మొదలుపెట్టాడు. దళిత సంఘాలు ఆమె పేరును బతికించాయి. 2008లో వినూ అబ్రహాం నష్టనాయిక నవల రాశాడు. 2013లో కమల్ సెల్యులాయిడ్ సినిమా తీశాడు. దాంతో కేరళ అంతా రోజీ పేరు విన్నది.

సెల్యులాయిడ్ చూడండి. చూసి కొట్లాడండి. అందులో రోజీ బెదురు చూపుల పిల్ల. సారు చెయ్యి పట్టుకుని నడిపిస్తే నడుస్తుంది. ఇందాక కక్కారిశ్శి గురించి నొక్కి చెప్పాను, గుర్తుందా? వీధుల్లో, గుంపుల ముందు ఆడిపాడిన మనిషి అలా ముడుచుకుని ఉంటుందా? ఆమెను అమాయకురాలిగా చూపిస్తే జాలిపడటం తేలిక. కళాకారిణిగా చూపిస్తే జవాబు చెప్పాల్సి వస్తుంది: ఇంత పనితనం ఉన్న మనిషికి రెండో సినిమా ఎందుకు లేదు? ఆ సినిమా వచ్చినప్పుడే జెన్నీ రోవెనా సూటిగా అడిగింది. ఇవాళ మలయాళ సినిమాలో ఒక దళిత స్త్రీ నాయర్ పాత్ర వేయగలదా అని. జాలి కథకు ఆ ప్రశ్న ఎసరు పెట్టింది.

అదే ప్రశ్న మనల్ని మనం అడుగుదాం. 1938లో గూడవల్లి రామబ్రహ్మం మాలపిల్ల తీశాడు. కథ చలం. మాల అమ్మాయి బ్రాహ్మణ యువకుణ్ని ప్రేమిస్తుంది. నాయిక కాంచనమాల. సనాతనులు గగ్గోలు పెట్టారు, సినిమా మాత్రం ఆడింది. ఆ ధైర్యాన్ని నేను తక్కువ చేయను. కానీ మన కథకు దొరికిన చోటు మన మనుషులకు దొరికిందా? తెలుగు తెర మీద నాయికగా నిలబడి, తన కులం దాచుకోకుండా పది సినిమాలు చేసిన దళిత స్త్రీ పేరు ఒకటి చెప్పండి. కామెంట్లలో రాయండి. పేరు దొరికితే అందరికంటే ఎక్కువ సంతోషించేది నేనే. దొరకకపోతే, రోజీ కథ కేరళ కథ మాత్రమే కాదని తేలినట్టే.

ఈమధ్య కొంత కదలిక వచ్చింది. 2019లో మలయాళ సినీ మహిళల సంఘం డబ్ల్యూసీసీ తమ ఫిల్మ్ సొసైటీకి రోజీ పేరు పెట్టుకుంది. పా. రంజిత్ నీలం సంస్థ చెన్నైలో ఆమె పేరున ఫిల్మ్ ఫెస్టివల్ నడుపుతోంది. 2023 ఫిబ్రవరి 10న, ఆమె 120వ పుట్టినరోజున, గూగుల్ తన మొదటి పేజీ మీద ఆమె బొమ్మ వేసింది. ఆ ఒక్క రోజు దేశమంతా ఆమెను చూసింది. ఒక్కరూ రాయి వేయలేకపోయారు.

ఇప్పుడు చెల్లెలి ప్రశ్నకు వస్తాను. సినిమా లేదు, బొమ్మ లేదు, ఏం రాయాలి?

రాళ్ల గురించి రాయి. అవి కూడా ఆధారాలే. ఎవరు వేశారు, ఏ సీనుకు వేశారు, అదే కాలంలో ఎవరి మీద వేయలేదు అని అడుగు. 1859 ఉత్తర్వులోని షరతును, తల్లోని ఆ పువ్వును పక్కపక్కన పెట్టి చూడు. కాలిన బడినీ కాలిన గుడిసెనూ పక్కపక్కన పెట్టు. 70 కిలోమీటర్లను, యాభై ఏళ్లను లెక్కగట్టు. ఒక మనిషిని చెరిపేయడానికి ఎంతమంది ఎంతకాలం కష్టపడ్డారో చూపిస్తే, ఆ మనిషి ఎంత పెద్ద పని చేసిందో దానంతట అదే తెలుస్తుంది.

ఇంకొకటి. పేపర్లో ఆమెను "బాధితురాలు" అని మొదలుపెట్టకు. "నటి" అని మొదలుపెట్టు. ఆ మాట కోసమే ఆమె అంత పోగొట్టుకుంది.

వచ్చే భాగంలో మన చిందు, యానాది భాగోతాల ఆడవాళ్ల దగ్గరికి వెళ్దాం. మీ వాడలో వేషం కట్టిన అమ్మమ్మలూ నాయనమ్మలూ ఉంటే ఈ వారమే వెళ్లి కూర్చోండి, అడగండి, ఫోన్లో రికార్డు చేయండి. రోజీ దగ్గరికి ఎవరూ పోలేదు. మనం పోదాం.

జై భీమ్.